చండ్రుగొండలో ఆగిన చుక్క

నవంబరు 3, సోమవారం
మా ఆయన దగ్గు ఎట్లుంది? తగ్గలేదు. నా మోకాళ్లు? వాటి సంగతి అడగొద్దు. చండ్రుగొండలో నా తోడికోడలు హైమ? దానికేం, గుండ్రాయిలా ఉంటుంది. మరి నా బిడ్డ భవాని? తెలియదు.

దమ్మపేట దవాఖానాలో నర్సు. కొత్తగూడెం నుంచి రోజూ స్కూటీ మీద అడవి దారిన పోయొస్తుంది. ఇదివరకు ఇల్లు చేరగానే నాకు ఫోన్ చేసేది. ఇప్పుడు నా ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టింది. ఇగ పరేషాన్ కాకమ్మా, నేనేడున్నా నీకు కనబడ్త అంది. కనబడేది నీలి చుక్క. దాన్ని చూసి జ్వరముందో లేదో ఎట్లా చెప్పాలి?

నవంబరు 5, సాయంత్రం
చుక్క చండ్రుగొండలో ఆగిపోయింది. స్కూటీ పడిందేమోనని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. మా ఆయన చూసి, అది హైమ ఇల్లే గదనే, చాయ్ తాగుతుందేమో అన్నాడు.

చాయ్!

నవంబరు 7
మళ్లీ ఆగింది.

నవంబరు 8
ఇవ్వాళ కూడా. చుక్కనే చూస్తూ అన్నం మాడబెట్టాను. మోసి కన్నది నేను, మురుకులు పెట్టేది ఆమె. కొత్త కోడళ్లప్పుడూ అంతే. కూర నేను వండితే వడ్డించి పేరు కొట్టేసేది హైమ.

నవంబరు 10
ఆగలేక హైమకే ఫోన్ చేశాను. నా బిడ్డను మంచిగ మరిగించినవ్ గదా చెల్లె అన్నాను. పకపకా నవ్వింది. నేనేం మరిగించిన అక్కా, నాది బటన్ల ఫోనాయె, చుక్కలు గిక్కలు కనబడయి. పిల్ల యాడిదాక వచ్చిందోనని గుబులైతది, రోడ్డు మీద నిలబడ్త. అందుకే ఆగి మొఖం చూపెట్టి పోతది అంది. జరంతోనే డ్యూటీకి పోతాంది, నీకు చెప్పలేదా అని కూడా అడిగింది.

చెప్పలేదు. చుక్క మాత్రం రోజూ టైముకే పోయొచ్చింది.

నవంబరు 11
నా ఫోన్ బియ్యం డ్రమ్ములో దాచాను. మా ఆయన పాత బటన్ల ఫోన్ నుంచి భవానికి చేసి, నాది పాడైంది బిడ్డా, నువ్వు కనబడ్తలేవు అన్నాను. రిపేర్‌కియ్యమ్మా అంది. దుకాణపోడు ఇగ కాదన్నడు అన్నాను. అబద్ధమే. సరే, ఆదివారం నేనే వచ్చి చూస్తలే అంది. దాని గొంతు బొంగురు పోయింది. తిన్నవా అని అడిగితే చాలాసేపు మాట్లాడింది.

హైమకు చెప్పలేదు.

నవంబరు 12
డ్రమ్ములోంచి ఒక్కసారే తీసి చూశాను. చండ్రుగొండలో ఉంది. ఉండనీ.

నేనూ రోడ్డు మీద నిలబడతాను, పదహారో తారీఖు, ఆదివారం.