మచ్చ అంచున మెరుపులు

మాచర్ల

ప్రియమైన చెల్లెలు అల్ఫియాకు,

మేం బాగానే ఉన్నాం. మొన్న నీ ఉత్తరం మీ భాబీ షకీలా చదివి పెడతానంటే లాక్కుని నేనే చదువుకున్నాను. వెల్డింగు షెడ్డులో గ్రైండరు మోతకు చెవులు పోయి ఫోను పనికిరాకుండా పోయింది గానీ, ఉత్తరాలకేం తక్కువ?

ఒక సంగతి అడుగుతా, నవ్వమాక. వెల్డింగు గ్లాసు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తే నల్లటి మచ్చ కనబడింది. అది పేలుతుందేమోనని పేపర్లో కూడా రాశారు. నువ్వు అక్కడ అబ్జర్వేటరీలో రోజూ సూర్యుడి ఫొటోలు తీస్తుంటావు గదా, పేలే ముందు అక్కడ ఏం జరుగుద్ది? ముందుగా ఏమైనా తెలుస్తుందా, లేక ఒక్కసారే పోతుందా? తిరుగు టపాలో రాయి.

ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా సెలవు మాట ఎత్తమాక. అమ్మానాన్న లేరని ఎవరూ నిన్ను ఒక్క మాట అనకూడదనే ఇంత చదివించాను.

మీ అన్న,
సుభానీ

కొడైకెనాల్

ప్రియమైన అన్నకు సలాం,

నవ్వొద్దన్నావు గానీ నవ్వాను, తిట్టుకో. "ఆ మంటలో ఏముందే చూడ్డానికి" అని నన్ను ఇన్నేళ్ళూ ఏడిపించింది ఎవరు?

నువ్వు చూసిన మచ్చ నిజమే. మన భూమిలాంటివి కొన్ని అందులో పట్టేస్తాయి. అక్కడ అయస్కాంత బలం సూర్యుడి లోపలి నుంచి తాళ్ళలాగా పైకి పొడుచుకొస్తుంది. ఆ తాళ్ళ మొదళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతాయి. రోజుల తరబడి మెలి బిగుస్తుంది. పైకి మాత్రం అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత చూస్తే నాకు భయం వేస్తుంది అన్నా.

తర్వాత మచ్చ మీద కమానుల్లా నిలబడిన వెలుగులో చిన్న చిన్న మెరుపులు మొదలవుతాయి, ఇక్కడొకటి, అక్కడొకటి. దాని మీద వేలాడే నల్లటి తెర మెల్లగా పైకి లేస్తుంది. అప్పుడు తాళ్ళు తెగి మరో రకంగా అతుక్కుంటాయి. అన్నాళ్ళూ దాగిన బలమంతా కాసేపట్లో బయటపడుతుంది. మెరుపులు వచ్చిన ప్రతిసారీ పేలదనుకో. ఎప్పుడు పేలుతుందో కచ్చితంగా చెప్పగలిగేవాళ్ళు ఇంకా లేరు.

నీ గ్లాసు సూర్యుడికి చాలదు. మళ్ళీ చూశావంటే భాబీకి చెబుతాను.

నీ చెల్లెలు,
అల్ఫియా

మాచర్ల

ప్రియమైన తల్లికి,

నీ ఉత్తరం జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను. అచ్చు నువ్వు రాసినట్టే ఉంది. మచ్చ పెద్దదైంది. దాని అంచున తెల్లగా, సూదిమొన మాదిరి మెరుపులు వస్తున్నాయి. చుట్టూ మసి రేకులు తేలుతున్నాయి. నిన్న మబ్బు పట్టినా కనబడింది. మీ భాబీ అన్నం వడ్డిస్తుంటే ఆమె ముఖం మీద కూడా కాసేపు నిలబడింది.

షెడ్డులో గేట్ల పని చానా ఉంది. తొందరలో గ్లాసు లేకుండానే టాకా అతుకులు వేశాను, ఆ ఆర్క్ వెలుగు కళ్ళకు కొట్టి ఉంటుందిలే. వెల్డర్లకు తెలిసిన వైద్యం ఒకటేగా, బంగాళదుంప చెక్కలు కోసి కళ్ళ మీద పెట్టుకుని పడుకుంటున్నా.

తెర ఇంకా లేవలేదు. మెరుపులు వచ్చినా పేలకుండా పోవచ్చన్నావే, ఆ ముక్క ఇంకొంచెం విడమరిచి రాయి.

మీ అన్న,
సుభానీ

కొడైకెనాల్

అన్నా,

క్షేమాలు తర్వాత. నువ్వు అడిగిన మచ్చ సూర్యుడితో పాటు తిరిగి అవతలి వైపుకు వెళ్ళిపోయి వారం దాటింది. ఇప్పుడు మన వైపు చెప్పుకోదగ్గ మచ్చే లేదు. నమ్మలేక ఇవాళ మళ్ళీ ఫొటో తీశాను. తుడిచిపెట్టినట్టు ఉంది.

పైగా నేను రాసిన మెరుపులు మనిషి కంటికి ఆనవు. అవి ఉపగ్రహాల మీది కెమెరాలకే అందుతాయి. మరి నువ్వు చూస్తున్నదేంటి? మబ్బులో ఎలా కనబడింది? భాబీ ముఖం మీదికి ఎలా వచ్చింది?

ఇక్కడి కళ్ళ డాక్టరుకు నీ ఉత్తరం చదివి వినిపించాను. అది సూర్యుడు కాదు, మీ అన్న కన్ను అన్నాడు. కంటి వెనక పొర ఊడే ముందు అలాగే మెరుస్తుందట. తెర కూడా కమ్మిందంటే ఇక ఆలస్యం చేయకూడదట. మీ పక్క పంక్చరు షాపు హబీబ్‌కు ఫోన్ చేశాను, నిన్ను నరసరావుపేట తీసుకెళ్తాడు. మొండికెయ్యొద్దు, నీకు దండం పెడతాను.

నా రాతలు చదివి ఎండలో సూర్యుణ్ణి చూస్తూ కూర్చున్నావు. నా చేతులు విరిగిపోను.

నీ అల్ఫియా

నరసరావుపేట

ప్రియమైన అల్ఫియాకు,

నేను చెబుతుంటే మీ భాబీ రాస్తున్నది. హబీబ్ వచ్చేసరికే కుడి కంట్లో తెర లేచింది, కింద నుంచి పైకి, మెల్లగా. ఆపరేషన్ చేశారు. ఆ కన్ను ఇక రాదన్నారు.

నువ్వు ఏడవమాక, నీ రాతల వల్ల కాదు. నేను సూర్యుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు. మచ్చ ఉందని పేపర్లో చదివాను, అంతే. నా కంట్లో మచ్చ, మెరుపులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. కన్ను అని రాస్తే నువ్వు ఉద్యోగం వదిలేసి బస్సెక్కుతావు. అందుకని సూర్యుడి మీద పెట్టి అడిగాను. నువ్వు రాసిన ప్రతి ముక్కా నా కంటికి సరిపోయింది. పేలకుండా పోవచ్చన్న మాటొక్కటి పట్టుకుని కూర్చున్నాను.

మీ భాబీ రాయడం ఆపి నా వంక చూసింది. ఆమెకూ ఇప్పుడే తెలిసింది.

పొద్దుటి నుంచి ఎడమ కంటి అంచున కూడా ఒకటి మెరుస్తున్నది. డాక్టరు గది ముందే కూర్చున్నాం, పిలుస్తారు. హబీబ్ నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు, అయినా ఈ మాట నా నోటి నుంచే నీకు రావాలి. ఈసారి సూర్యుడు గీర్యుడు అనను. నాకు భయంగా ఉంది తల్లీ. సెలవు పెట్టి రా.

మీ అన్న,
సుభానీ