పాతిక నక్షత్రాల దర్జీ

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య దీవెనలు. దీవెనల వెంటే చీవాట్లు, వరసగా అందుకో.

మా ప్రార్థన గదికి వచ్చేవాళ్ళ పట్టీ అచ్చువేసుకోవడానికి నువ్వు కాగితం మీద రాసి పంపిన ప్రోగ్రామును, గది మూలనున్న పాత కంప్యూటర్లో ఒంటి వేలితో మూడు రోజులు కొట్టాను. అచ్చు తీసి తలుపుకు అంటించాను. అంటించి రెండడుగులు వెనక్కి వేశానో లేదో, నీ నిర్వాకం కనపడింది. అందరినీ ఎడమవైపు నిలబెట్టావేంటమ్మా? తీర్పు దినాన గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు అని నీకు పాలపళ్ళప్పుడే చెప్పానే! ముప్పై ఏళ్ళు గొంతు చించుకుని వీళ్ళను కుడికి లాక్కొస్తుంటే, ఒక్క మీటతో మందనంతా మేకల్ని చేశావు. దర్జీ అయితే పట్టీ చూసి గడ్డం తడుముకున్నాడు.

వెంటనే సవరణ రాసి పంపు. ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు "ఆఁ మావయ్యా, సరే మావయ్యా" అంటావు, అర నిమిషంలో అయిపోతుంది.

ఇట్లు,
నీ నోటిదురుసు మావయ్య

తా.క. దర్జీ పేరు తర్వాత అంత ఖాళీ ఎందుకు? అందులో ఓ కుటుంబం పక్కలేసుకుని పడుకోవచ్చు.

*

మావయ్యకి నమస్కారాలు.

మేకలెవరూ లేరు. ఒక్కో వరుసకు ముప్పై గళ్ళు ఇచ్చాను. గుణింతం గుర్తు, ఒత్తు కూడా ఒక్కో గడి తింటాయి. పేరు ముందు కూర్చుంటుంది, మిగతా గళ్ళను కంప్యూటరు ఖాళీలతో నింపుతుంది. పెద్ద బూటు కొనుక్కుని ముందు కాగితాలు కుక్కమూ, అలాగన్నమాట. కుడికి జరపాలంటే, 'ఎల్‌జస్ట్' అన్న చోట ఎడమను చెప్పే ఎల్ తీసి, కుడిని చెప్పే ఆర్ పెట్టండి. ఖాళీలు నచ్చకపోతే చుక్కలో నక్షత్రాలో మీ ఇష్టం, ఆ గుర్తు కొట్టండి, వాటితోనే నింపుతుంది.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. మా ఆఫీసులో ఒక్క అంతస్తులో నాలుగొందల మందిమి. రోజంతా నాతో మాట్లాడేది కంప్యూటరు ఒక్కటే. అదీ తప్పు చేసినప్పుడే.

*

మేనకోడలా,

దీవెనలు తర్వాత. ముందు ఇక్కడ అంటుకున్న మంట గురించి విను.

ఆర్ పెట్టాను, అందరూ కుడికి వచ్చారు. హల్లెలూయ! ఇక ఖాళీలెందుకు, ఆకాశాన్నే దింపుదామని నక్షత్రాలు కొట్టాను. దర్జీకి అయిదు గళ్ళే, అంచేత పాతిక నక్షత్రాలు. పోస్టుమాస్టరుగారి వియ్యపురాలికి ఇరవై తొమ్మిది గళ్ళు, అంచేత ఒకే ఒక్క నక్షత్రం. ఆవిడ ఊరుకుంటుందా?

"పదేళ్ళుగా ముందు వరసలో కూర్చుంటున్నా. నాకొకటీ, పాటలో కునికే ఆ కత్తెరగాడికి పాతికానా? పరలోకంలో కూడా కొలతలు అతనే తీస్తాడా ఏమిటి?" అని కుర్చీ తన్ని లేచింది.

కడపటివారు మొదటివారవుతారని చెప్పబోయాను. "అయితే నేను మొదటిదాన్నేగా, మరి ఒకటేం?" అంది. నేను బైబిలు తెరిచి ఇంకో వాక్యం కోసం పేజీలు తిప్పాను.

త్వరగా రాయి.

నీ మావయ్య

తా.క. దర్జీ ఆ పట్టీ జిరాక్సు తీయించి కొట్లో, అద్దం పక్కన పెట్టుకున్నాడు.

*

మావయ్యకి,

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటే, పక్క సీటతను కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నాలుగేళ్ళలో అదే మొదటి పలకరింపు.

'సెంటర్' అని పెట్టండి. పేరు నడిమధ్య, నక్షత్రాలు అటూ ఇటూ సమానం. వరుసను పద్దెనిమిది గళ్ళకు కుదించి, మిగిలింది కోసేయమని కూడా కింద రాశాను. దర్జీ నక్షత్రాలు సగమవుతాయి.

మీ మేనకోడలు

తా.క. మీ పట్టీ ఒకటి ఇక్కడా అచ్చు తీసి నా బల్ల దగ్గర అంటించుకున్నాను. "మీ చుట్టాలా?" అని అడిగారు. అవునన్నాను.

*

ఓ మేనకోడలా!

నడిమధ్య పెడతావా? వేడీ కాక, చల్లనా కాక నులివెచ్చగా ఉన్నవాణ్ణి ఉమ్మేస్తానన్నాడు దేవుడు. అదలా ఉంచు. పద్దెనిమిది గళ్ళకు కోశావు చూడు, 'పోస్టుమాస్టరుగారి' దగ్గర తెగింది! వియ్యపురాలు కాస్తా ఎగిరిపోయింది. వీధివీధంతా తలుపు ముందు నిలబడి "పోస్టుమాస్టరుగారి ఏమిటండీ?" అని అడుగుతున్నారు. రైల్వే గేటుమనిషి అయితే "గేదెనా?" అన్నాడు. ఆవిడ గొడుగెత్తింది. అడ్డం వెళ్ళి ఆ దెబ్బ నేను తిన్నాను.

ఇంకో సవరణ పంపు. తొందరేం లేదు. కానీ తొందరగా పంపు.

నీ మావయ్య

తా.క. గొడుగు విరిగింది. నా భుజం బాగానే ఉంది.

*

మావయ్యకి,

ఒక తప్పు ఒప్పుకుంటాను, కోప్పడకండి. నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, పద్దెనిమిదికి కోస్తే ఆవిడ ఎక్కడ తెగుతుందో నాకు తెలియదా? తెలిసే పంపాను. అంతా సరిగ్గా పనిచేస్తే మీరు ఇంకెందుకు రాస్తారు?

ఆదివారం వస్తున్నాను. సెలవు పెట్టేశాను. అందరి ముందూ నేనే సరిచేస్తాను. వియ్యపురాలికి కొత్త గొడుగు కొన్నాను.

మీ మేనకోడలు

తా.క. దర్జీగారికి చెప్పండి, ఆయన నక్షత్రాలు ఆయనకు తిరిగి ఇప్పిస్తాను.

*

నా తల్లీ,

నువ్వు ఒక తప్పు ఒప్పుకున్నావు. నావి ముప్పై గళ్ళలో పట్టవు.

దర్జీ రెండేళ్ళ కిందటే అన్నగారి ఊరికి వెళ్ళిపోయాడు. గేటుమనిషి కిందటి వానాకాలంలోనే పోయాడు. నిద్రలోనే, ఎవరికీ చెప్పకుండా. వియ్యపురాలు మోకాళ్ళ నొప్పులతో మన గది మేడమెట్లు ఎక్కలేకపోతోంది. కింద నుంచి గొడుగు ఊపి వెళ్ళిపోతుంది. నక్షత్రాల గొడవ జరగలేదమ్మా. జరిగితే ఎంత బాగుండేది!

ఆదివారం కుర్చీలు వేసి, వాటికే ప్రసంగం చెబుతాను. మంచి శ్రోతలు, ఒక్కటీ ఆవులించదు. ఎవరూ రాకపోయినా పట్టీ ఎందుకు అంటిస్తానంటే, బూటులో కాగితాలు కుక్కుతామన్నావే, అందుకే. లేకపోతే నడవలేను.

అబద్ధమాడే నాలుక గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో! ఆ మాటలన్నీ ఇప్పుడు ఖాళీ కుర్చీల్లో కూర్చుని నన్నే చూస్తున్నాయి.

ఇది తెలిశాక రావాలనిపిస్తే రా. గొడుగు మాత్రం తప్పకుండా తీసుకురా. ఆవిడ మెట్ల కింద నిలబడే ఉంటుంది.

నీ మావయ్య

తా.క. పట్టీలో 'మేనకోడలు' అని ఎక్కించాను. ఎనిమిది గళ్ళు నీవి, ఇరవై రెండు ఖాళీ. నక్షత్రాలు పెట్టలేదు. ఎడమవైపే ఉంచాను, తలుపు తీయగానే కనపడేది ఆ వైపే. మేకైతే ఏం, రావాలే గానీ.