బంతిలో వలపక్షం

ఆగస్టు 11
మంగతాయారుగారి కొబ్బరితోట నుంచి ఇప్పుడే వచ్చాను. మెడ పట్టేసింది, పొద్దున్నించీ మట్టల అడుగునే చూపు. పరీక్ష కోసం ఎర్ర రిబ్బను చెట్లకి తెల్లదోమ మందు కొట్టించాం, తెల్ల రిబ్బను చెట్లకి ఉత్త నీళ్ళు. రెండూ ఒక్కలాగే తేరుకున్నాయి. ఆకుల మీద మసి పోయింది, అడుగున దోమా పల్చబడింది. అంటే వానలకి తగ్గినట్టే… మందు గొప్పేం లేదు. ఇన్నాళ్ళ తిరుగుడూ దండగ.

ఆగస్టు 13
రామంగారు గట్టు మీద కాసుకుని ఉన్నారు. మంగతాయారుగారి మరిది, పక్క తోట ఆయనదే. దోమ పట్టి కాపు పడిపోయింది. మందు పనిచేస్తే చెట్లు ఉంచుతారు, లేకపోతే కొట్టించి రొయ్యల చెరువుకి ఇచ్చేస్తారు. ఏం తేలిందండీ అని అడిగారు. తేడా ఏం కనపడలేదండీ అన్నాను. "ఆయ్" అన్నారు. తన తోటలోకి వెళ్ళిపోయారు.
రిపోర్టు రాయకముందే నాకెందుకంత తొందర?

ఆగస్టు 19
మంగతాయారుగారింట్లో భోజనం. వద్దంటే వినరు. కందా బచ్చలి కూర మారు వడ్డిస్తూ ఆవిడే అన్నారు — తెల్ల రిబ్బను చెట్లు కూడా భలే తేరుకున్నాయి కదా, నా చేతి చలవే అని.
ఏం చేశారండీ అని అడిగాను.
డబ్బాల్లో మిగిలిన మందంతా మనిషిని పెట్టి వాటికీ కొట్టించారట. మేం వెళ్ళిపోయాక.
"ఒకళ్ళకి పెట్టి ఒకళ్ళని చూస్తా కూచోబెడతామాండీ? బంతిలో వలపక్షం చెయ్యకూడదండి. పాపం కదండీ."
గరిటె ఇంకా చేతిలోనే ఉంది. ఎంత ప్రేమగా చెప్పారో. మజ్జిగ కూడా పోయించుకుని తాగి వచ్చాను.

ఆగస్టు 20
బస్సులో ఒకటే ఆలోచన. మొదటి రోజు ఆవిడకి చెప్పాను — వీటికి నీళ్ళేనండీ, మందు తగలకూడదండీ. "ఆయ్" అన్నారు. సరే అన్నారనుకున్నాను. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని, ఆయ్ అంటే ఒక్కోసారి వింటున్నానండీ అని మాత్రమేనని నాకు తెలియదూ!
ఎందుకు తగలకూడదో చెప్పలేదు. నీళ్ళ చెట్లు లేకపోతే తగ్గించింది మందో, వానో ఎవరూ చెప్పలేరని… ఒక్క పూట అరుగు మీద కూర్చుని చెప్పాల్సింది. పాపం అనుకుంటారని నాకెందుకు తోచలేదు? చాలా బాధగా ఉంది.

ఆగస్టు 21
ఆఫీసులో మా పెద్దాయనకి చెప్పాను. తల పట్టుకున్నారు. అన్నిటికీ మందు పడింది, అన్నిటి మీదా వానా పడింది, ఇంకేం తేలుతుంది అన్నారు. పక్క తోటలతో పోలుద్దామన్నా అక్కడ ముందు దోమని లెక్కపెట్టలేదు. పనిచేసిందని రాయడానికి లేదు, చెయ్యలేదని రాయడానికీ లేదు. వేసవిలో దోమ మళ్ళీ రేగాక మొదట్నించీ చెయ్యాలి.

ఆగస్టు 23
రామంగారింటికి వెళ్ళాను. మొన్న చెప్పింది తప్పండీ అని జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. అయితే పనిచేస్తుందన్నమాటేగా అన్నారు. తెలీదండీ అన్నాను.
"గుణం ఉందంటే ఉంచుతానండి. లేదంటే కొట్టించేస్తాను. తెలీదంటే ఏం చేసుకోమంటారు మేడంగారూ?"
వేసవి దాకా ఆగమన్నాను. చెరువు లీజుకి తీసుకునే ఆయన అప్పటిదాకా ఆగడట.
పనిచేస్తుందండీ అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే ఆ చెట్లు నిలబడేవి. అనలేదు. ఆ ధైర్యమేదో పదమూడో తారీఖునే ఉండాల్సింది. సైన్సంటే తెలుసుకోవడం అని స్కూళ్ళకి వెళ్ళినప్పుడల్లా చెప్పొస్తాను. ఎంతవరకు తెలుసో అక్కడ ఆగడం కూడా అని ఒక్కసారీ చెప్పలేదు.

ఆగస్టు 30
రామంగారి తోటలోకి పొక్లెయిన్ వచ్చింది.

సెప్టెంబరు 1
సగం తోట నేల మీదే. చీపురు పుల్లల కోసం ఆడవాళ్ళు మట్టలు లాక్కెళ్తున్నారు. మంగతాయారుగారు గట్టున నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. నా చేతులారా చేసేనాండీ అన్నారు. కాదండీ, నేను చెప్పలేదు కదండీ అన్నాను. తప్పు చెరికాస్త పంచుకున్నా ఏం తగ్గలేదు.
వేసవిలో మళ్ళీ తన తోటే ఇస్తానన్నారు. ఈసారి అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను, దీపాలు పెట్టే వేళ దాకా. ఆవిడ ఆయ్ అనలేదు.
"అయితే ఏ చెట్టుకి ఏది కొడతన్నారో నాకు చెప్పకండి. తెలిస్తే చెయ్యి ఆగదండి."

సెప్టెంబరు 3
చెరువు గట్లు లేస్తున్నాయి. వేసవిలో మందు పనిచేస్తుందని తేలితే రామంగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇవాళ బస్సు కోసం నిలబడి, పనిచెయ్యకపోతే బావుణ్ణు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అప్పుడు ఆ తోట నా వల్ల పోలేదని నిద్రపోవచ్చు.
ఇలా కోరుకునే మనిషే రేపు వేసవిలో మట్టలు తిప్పి దోమని లెక్కపెట్టేది.
ఏ చెట్టుకి ఏది కొట్టారో నాక్కూడా తెలియకూడదు. పెద్దాయనతో చెప్పాలి. ఎందుకూ అని అడుగుతారు…