పాలు పొంగిన చరణం

మన ఇంటి అసలు గాయనికి, ఇక్కడ అందరం క్షేమం. మీ అన్నయ్యకు దగ్గు తగ్గింది, ఫిడేలు మోత మాత్రం తగ్గలేదు.

నిన్న సభలో పాట మధ్యలో నాకు రెండో చరణం గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లుగా పాడుతున్న పాటే! నువ్వు పొయ్యి దగ్గర సొంతంగా కట్టుకున్న చరణం నోటికొస్తే అదే అందుకున్నాను. నువ్వు రోజూ ఆపేసే చోటికి రాగానే, అలవాటుకొద్దీ "అయ్యో, పాలు పొంగాయి!" అని కూడా రాగం తీసి పాడేశాను. మన ముసలి వంతగాళ్లు తక్కువ తిన్నారా? "పొంగాయి, పాలు పొంగాయి" అంటూ అందుకున్నారు. జనం మళ్లీ పాడించుకున్నారు. "ఇది మా చెల్లాయి పాటే కదా బావా!" అని మీ అన్నయ్య ఒక్కడే పట్టేశాడు.

డ్రాయరులో ఫిడేలు తీగలున్నాయేమో చూసి పెట్టు, ఆయన రెండు తెంపాడు. మోకాలికి కట్టు కడుతున్నావా? వంటింటి కిటికీ గడియ వడ్రంగి బాగుచేశాడా? మనవరాలికి ముద్దులు.

ఆ చరణంలో మిగతాది ఏమిటని వీళ్లంతా నా ప్రాణాలు తోడేస్తున్నారు. నువ్వెప్పుడైనా పూర్తిగా పాడితే కదా నాకు తెలిసేది! కార్డు మీద రాసి పంపకు. ఆదివారం వచ్చేస్తున్నాను. పాలు నేను చూసుకుంటాను, నువ్వు చివరిదాకా పాడు.