ఎదురుకాళ్ళు

బ్రూక్‌ఫీల్డ్, బెంగళూరు.

అమ్మకు వరూధిని నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వూ తమ్ముడూ బాగున్నారని తలుస్తాను.

ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతున్నానని నిష్ఠూరమాడావు. అత్తయ్య పక్కనుంచి కదలరు, ఏం మాట్లాడను? ఆయనకు మళ్ళీ ఆపరేషన్ ఎందుకని అడిగావు. మొదటిసారి నడుములో జారిన డిస్క్ ముక్క తీసేశాక, మిగిలింది మళ్ళీ జారకుండా అది బయటికొచ్చిన కంతకు అడ్డంగా చిన్న బిళ్ళలాంటిది పెట్టి ఎముకకు బిగించారు. వంగొద్దు, బరువెత్తొద్దు, నడుం మీద ఎవరి చెయ్యీ పడనివ్వొద్దు అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇప్పుడా బిళ్ళ పక్కకు జరిగి నరాన్ని నొక్కింది. తీసేశారు గానీ ఎడమ పాదం లేవడం లేదు. ఈడ్చుకుంటూ నడుస్తున్నారు.

ఆయన నడుం నువ్వే తొక్కావని మా ఆడపడుచు చెప్పింది, నిజమేనా అని అడిగావు. నీ దగ్గర దాచలేను. తొక్కింది నేను కాదు, నీ మనవరాలు వర్షిణి. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల కాలు తగిలితే నడుం పట్టు వదులుతుందని మా అపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళంతా దాన్ని పిలిపించుకుని చాక్లెట్లు పెట్టేవాళ్ళు. మనవరాలి కాళ్ళంటే అత్తయ్యకు ఎంత గొప్పో. ఆ ఆదివారం ఆవిడ గుడికి వెళ్ళారు, నేను కూరగాయలకు వెళ్ళాను. ఆయనకు నడుం పట్టేసింది. బోర్లా పడుకుని ఆయనే పిలిచారట, ఒక్కసారి తొక్కు తల్లీ అని. నేను తలుపు తీసేసరికి ఆయన అరుస్తున్నారు. అది ఇంకా ఆయన నడుం మీదే నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల, దిగాలని కూడా తోచలేదు.

ఆసుపత్రిలో అత్తయ్య, "ఎవురు తొక్కింది?" అన్నారు. ఆయన గోడవైపు తిరిగారు. కన్నతండ్రి, నేనే పిలిచానని ఒక్క మాట అనలేదు. పిల్ల నోరు తెరవబోతుంటే నేనే తొక్కానన్నాను.

"నువ్వెందుకు తొక్కితివి? ఎదురుకాళ్ళతో పుట్టిండేది పాప గదా?"

"నేనూ అట్లే పుట్టానత్తయ్యా."

"ఎప్పుడూ చెప్పలేదే. మా ఓంకారు కాలు తీసేదానికే దాచిపెట్టుకోనుంటివా? మీయమ్మనే అడుగుతా ఉండు."

ఇప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అత్తయ్య నా పాదాలు చూపిస్తున్నారు. ఆయనేమో పక్కనే కూర్చుని టీ తాగుతారు. మొన్న ఎవరితోనో తనూ అన్నారు, "వద్దంటే వినలేదండీ" అని. ఆ మాటకు వర్షిణి నా వైపు చూసింది. అది ఇంట్లో కూడా సాక్సులు విప్పడం లేదు.

నిజం తెలిస్తే ఈ ఇంట్లో దాన్ని బతకనివ్వరమ్మా. అత్తయ్య ఈ వారంలో నీకు ఫోన్ చేస్తారు. నా కాళ్ళను నోటికొచ్చినట్టు తిడతారు. ఏడవకు. నన్ను ఎదురుకాళ్ళతోనే కన్నానని చెప్పి, క్షమించమని అడుగు.

ఇట్లు,
నీ కూతురు
వరూధిని