గట్టివి వేయాలా, మెత్తవి వేయాలా

జనవరి 3, శనివారం

మద్రాసు నుంచి ఫోన్. ఇరవై ఐదున రేసు ట్రాక్ మీద చోటుందట. మామూలు కార్లవాళ్లు డబ్బు కట్టి ఒక రోజంతా తమ బండ్లు పరుగెత్తించుకునే రోజు. వస్తావా రావా, తొందరగా చెప్పమన్నారు. నేను అక్కడికి పోయి ఏడాదైంది. ఆలోచిస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే కుర్చీలో కూర్చునే ఉన్నా, కుడికాలు నేలను తొక్కిపట్టి ఉంది.

పోవాలంటే ముందు బ్రేక్ ప్యాడ్ల సంగతి తేలాలి. మెత్తవి రోడ్డుకి మంచివి, మొదటి తొక్కుకే పట్టుకుంటాయి. ట్రాక్ మీద మూడు చుట్లు తిరిగేసరికి కాలిన వాసన, పెడల్ కిందికి జారిపోవడం... చేతులెత్తేస్తాయి. గట్టివి ట్రాక్ మీద రోజంతా నిలబడతాయి. కానీ చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. రెండు మూడుసార్లు తొక్కి వేడెక్కించాలి. అప్పటిదాకా కీచుమంటూ జారతాయి. ఇంటినుంచి ట్రాక్‌కీ, ట్రాక్ నుంచి ఇంటికీ ఒకటే కారు నాది. రెండు జతలూ ఉంచుకుని మార్చుకోవడమే దారి.

నాతో ట్రాక్‌కి వచ్చే నా స్నేహితుడు నాగూల్ మీరా అనేవాడు — "గట్టివి పెళ్లికొడుకు మేనమామ లాంటివి బావా. నాలుగుసార్లు పిలిస్తేగాని లేవవు."

అనేవాడు. ఇలా రాయడానికి ఇంకా చెయ్యి అలవాటు పడలేదు.

జనవరి 4

పొద్దున మెకానిక్ కోటయ్య షెడ్డుకి వెళ్లాను. నా కారు చక్రాలు మొదటినుంచీ ఆయన చేతిలోనే. కొత్త గట్టివి తెప్పిస్తే ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. లోపలికి పోయి న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చి బల్లమీద పెట్టాడు.

పాతవి. ప్రమాదం తర్వాత కారు బాగుచేసినప్పుడు విప్పినవి. పారేశాడనుకున్నాను. సగం పైన మందం ఉంది ఇంకా.

"అడుగుతావని తెలుసులే" అన్నాడు. ముట్టుకోలేదు నేను. అక్కడే ఉంచమని వచ్చేశాను.

జనవరి 6

తెల్లారుతుండగా వీధి చివర కీచు. పలక మీద బలపం అడ్డంగా లాగినట్టు. చల్లటి గట్టి ప్యాడ్ల చప్పుడు — దాన్ని ఇంకొకదానితో పొరపడను.

వెళ్లి చూశాను. కారు మా ఇంటి పక్క రేకుల షెడ్డులోనే ఉంది. చక్రం సందులోంచి వేలు పెట్టి డిస్క్ తాకాను. మంచు ముక్క. వేసి ఉన్నవి మెత్తవే, బాగుచేసిన రోజునుంచీ అవే. బయట పొగమంచు, ఎవరూ లేరు.

ఎవరిదో ఆటో అయివుంటుంది. ఆటోలకి డిస్కులు ఎక్కడివి?

జనవరి 8

ఇవాళ రాయాలి. ఏడాదిగా ఈ డైరీకి కూడా చెప్పలేదు.

పోయిన ఏడాది జనవరి. నేనూ నాగూల్ మీరా మద్రాసు ట్రాక్ నుంచి రాత్రికి మా ఊరు ప్రత్తిపాడు చేరాం. మర్నాడు గట్టివి విప్పి మెత్తవి వేయించాలి, ఎప్పుడూ అంతే. ఆ మర్నాడు అమావాస్య. అమావాస్యనాడు కోటయ్య పనిముట్లకి బొట్టు పెట్టి దణ్ణం పెడతాడు, వచ్చిన బండికి గుమ్మడికాయ దిష్టి తీస్తాడు, చక్రం మాత్రం విప్పడు. ఈ చుట్టుపక్కల షెడ్లన్నీ అంతే. ఒక్క రోజేగా అనుకున్నాను.

ఆ తర్వాతి తెల్లవారుజామున నాగూల్ మీరా వచ్చాడు. బైకు పంచరైంది, గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూపించాలి, కారు ఇవ్వమన్నాడు. నిద్రకళ్లతో తాళాలిచ్చాను. "పొగమంచుంది, మెల్లగా పో" అన్నాను. అంతవరకు గుర్తుంది. "గట్టివే ఉన్నాయిరా, మార్చలేదు" అన్నానా? ఎంత తవ్వుకున్నా ఆ మాట దొరకదు.

మూడు కిలోమీటర్లు. కల్లాల దగ్గర మిర్చి టిక్కీలు, ఆ పెద్ద బస్తాలు వేసుకుని లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు.

పొగమంచు అన్నారు పోలీసులు. పొగమంచు అన్నాను నేనూ. వాడి భార్య మస్తాన్‌బీ కూడా పొగమంచునే తిట్టుకుంటోంది. ప్యాడ్ల సంగతి నాకూ కోటయ్యకీ తప్ప ఎవరికీ తెలియదు. భయపడి దాచాను. ఇంకో పేరు లేదు దానికి.

జనవరి 9

మళ్లీ కీచు. ఈసారి దగ్గరగా. లేవలేదు.

జనవరి 11, ఆదివారం

కారు తుడిచాను. ఎడమవైపు సీటు కింద మ్యాట్ తీయబోయి ఆగిపోయాను.

ట్రాక్ మీద నాగూల్ మీరా ఎప్పుడూ ఎడమ సీట్లోనే. మలుపు రాగానే నాకంటే ముందు వాడు తొక్కేవాడు, ఉత్త నేలని, అక్కడ బ్రేక్ ఉన్నట్టు. "ఇప్పుడు తొక్కు బావా, ఇప్పుడు." పాత మ్యాట్‌కి మడమ ఆనే చోట చిల్లు పడింది. నవ్వేవాణ్ణి. చిల్లు పడ్డ మ్యాట్ ప్రమాదంలోనే పోయింది.

ఇది కొత్త మ్యాట్. ఏడాదిగా ఎడమ సీట్లో ఎవ్వరూ కూర్చోలేదు. నేను కూర్చోనివ్వలేదు. అదే చోట మడమంత గుంట. గుంటలో ఎర్రటి దుమ్ము.

బ్రేక్ దుమ్మే ఎగిరి పడిందేమో, అదీ కాస్త ఎరుపే, అనుకున్నాను. వేలితో తీసి నాలుకకి అంటించుకున్నాను.

మండింది.

వాడి చెప్పులకి ఎప్పుడూ యార్డు కారం ఉండేది. ఎక్కేముందు దులుపుకోరా అని తిట్టేవాణ్ణి.

జనవరి 13

నా పురుగుమందుల కొట్లో పెట్టెలు సర్దుతుంటే మస్తాన్‌బీ వచ్చింది. ఎకరం మిర్చి ఇప్పుడు తనే చూసుకుంటోంది. తామరపురుగు మందు అడిగింది, ఇచ్చాను. వెళ్లబోయి గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నయ్యా, పొద్దున్నే మా వీధిలోకి కారేసుకొస్తన్నావా?"

లేదన్నాను.

"మీరు మద్రాసునుంచి వచ్చినప్పుడు అరిచేది చూడు, ఆ చప్పుడు. రెండు మూడు పొద్దులబట్టి వింటన్నా. తలుపు తీసేసరికి ఉండట్లా."

కారు కదల్లేదని చెప్పాను. నమ్మలేదనుకుంటా. నా మొహంలో ఏముందో కాసేపు చూసి వెళ్లిపోయింది.  నా ఒక్కడి చెవికే అనుకున్నంతకాలం కొంత నయంగా ఉంది.

జనవరి 15

తేల్చుకోవాలి. అవే ప్యాడ్లు, అదే చలి, అదే చోటు. వేడెక్కించకుండా పోయి తొక్కుతాను. ఆగితే, అది పొగమంచే. ఆగకపోతే నేనే.

కోటయ్య ముందు ఒప్పుకోలేదు. చచ్చిన పామును ఎందుకు కొడతావన్నాడు. చావలేదని చెప్పాను, చప్పుడు వింటున్నానని చెప్పాను. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"పద్దెనిమిది అమావాస్య. ఆ రోజు నేను ముట్టుకోను. పదిహేడున వేస్తా. పంతొమ్మిదికి నీ ఇష్టం."

అమావాస్య మర్నాడు. ఆ రోజులాగే. నేను లెక్క చూసుకోనేలేదు.

జనవరి 17

వేశాడు. డబ్బు తీసుకోలేదు. షెడ్డు నుంచి ఇంటికి నడుస్తున్నవాడంత మెల్లగా తెచ్చాను. కాలికింద పెడల్ రాయిలా ఉంది.

జనవరి 18, అమావాస్య

మస్తాన్‌బీ ఇంటికి వెళ్లాను. వరండాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చాపమీద ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. గట్టివి, మెత్తవి, అమావాస్య, తాళాలు, చెప్పానో లేదో గుర్తులేని మాట, పొగమంచని నేనాడిన అబద్ధం. ఘాటుకి కళ్లనీళ్లు కారుతున్నాయి. అదీ మంచిదే అయింది.

ఆమె తల ఎత్తలేదు. తొడిమలు తీస్తూనే ఉంది. నేను ఆపాక కూడా. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

గంప నిండాక అడిగింది — రేపు ఎన్నింటికి?

వద్దన్నాను. ప్రమాదమన్నాను.

"నేనూ వస్తా. ఎడమపక్క కూసుంటా."

జనవరి 19, సోమవారం

పొగమంచు. పత్తిచేల మీద తెల్లగా పరుచుకుని ఉంది. కోటయ్య ముందే బైకు మీద పోయి, ట్రక్కు ఆగిన చోట తొడిమలు కూరిన గోతం నిలబెట్టి, అటునుంచి ఎవరూ రాకుండా కాపలా ఉన్నాడు.

ఆమె కారెక్కి బెల్టు పెట్టుకుంది.  నేను ఒక్కసారి కూడా బ్రేక్ ముట్టుకోకుండా తీసుకెళ్లాను. అరవై. వాడు ఎంత స్పీడులో ఉన్నాడో ఎవరికి తెలుసు... అరవై అనుకున్నాం.

కల్లాల వాసన తగిలింది. గోతం కనపడింది. కాలెత్తాను —

ఇక్కడ జాగ్రత్తగా రాయాలి. కాలెత్తాను. పెడల్ మీద ఇంకా పెట్టలేదు. పెడల్ దానంతటది కిందికి పోయింది. కీచు... పొడుగ్గా, రోడ్డంతా. ముక్కు కిందికి వంగి కారు ఆగింది. గోతానికి నాలుగడుగుల ఇవతల. నా పాదం ఇంకా గాలిలోనే ఉంది.

కారులో కారం ఘాటు. ఇద్దరం దగ్గాం.

"నువ్వు తొక్కావా?" అని అడిగాను ఆమెను. పిచ్చి ప్రశ్న. ఎడమవైపు తొక్కడానికి ఏముంది?

ఆమె తన కాళ్లవైపు చూపించింది. ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని ఉంది. కింద మ్యాట్ మీద గుంట ఇంకా లోతైంది, మా కళ్లముందే మెల్లగా పైకి లేచింది, ఎవరో మడమ తీసినట్టు.

ఇద్దరం దానివైపే చూస్తూ ఉండిపోయాం. కోటయ్య వచ్చి అద్దం తట్టేదాకా.

మస్తాన్‌బీ దిగి, కల్లం అంచున నిలబడింది. నేను పక్కకి వెళ్లాను. 

"నీ పక్కన ఆయనున్నాడు అన్నయ్యా" అంది. "ఆ రోజు ఆయన పక్కన ఎవరున్నారు?"

ఇంటిదాకా నడిచే వెళ్లింది.

జనవరి 20

ఆగుతుందో లేదో తేల్చుకుందామని పోయాను. ఆగింది. ఆపింది నేను కాదు. నాకేం తేలినట్టు?

మద్రాసువాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. కోటయ్య రెండు జతల సంగతీ అడుగుతున్నాడు, గట్టివి ఉంచేయాలా, విప్పి మెత్తవి వేయాలా. ఎవరికీ ఏమీ చెప్పలేదు ఇంకా.

తెల్లవారుజామున లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. వెలుగు వచ్చేదాకా చెవులు రిక్కించుకుని ఉన్నాను. కీచు రాలేదు.

మస్తాన్‌బీ ఫోన్ చేసింది. "ఇయ్యాళ నీకన్నా వినపడిందా?"