గోడకి మొహం పెట్టి వాయించే పాటలు

మార్చి 2, ఆదివారం

నా పాటని మళ్ళీ చంపేశారు. ముగ్గురూ కలిసి. రెండో కోరస్ కూడా దాటనివ్వలేదు.

మా బ్యాండ్‌కి సొంత పాటలు లేవు. పాత ఇంగ్లీషు సోల్, ఫంక్ పాటలే వాయిస్తాం. కాబట్టి ఏ పాట వాయించాలన్నదే మాకున్న ఒకే ఒక్క గొడవ. దానికో పద్ధతుంది. ఎవరైనా కొత్త పాట తెస్తే అందరం వారమంతా ఇళ్ళల్లో ప్రాక్టీస్ చేస్తాం. ఆదివారం పరుపుల గోడౌన్‌లో తలో గోడకీ మొహం పెట్టి వాయిస్తాం. ఒకరినొకరు చూడకూడదు. నచ్చనివాళ్ళు మధ్యలో ఆపేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. చివరిదాకా సగంమందైనా మిగిలితే పాట నెగ్గినట్టు. లేకపోతే దాని పేరు మళ్ళీ ఎత్తకూడదు. మొహమాటాలు ఉండకూడదని బావ పెట్టిన రూల్. బ్యాండ్ పెట్టిందీ బావే, డ్రమ్స్ కొట్టేదీ బావే, నా చేత బేస్ గిటార్ పట్టించిందీ బావే.

ఇవాళ నేను తెచ్చింది ఉరుకుల పాట. బేస్‌తో మొదలవుతుంది, ఇక ఊపిరాడనివ్వదు. ముందు డ్రమ్స్ ఆగాయి. వెంటనే కీబోర్డ్. ఆ వెనకే గొంతు. పరుపుల వైపు చూస్తూ నేనొక్కడినే వెర్రివెధవలా వాయించుకుంటూ మిగిలా.

బావ నా భుజం తట్టి, పోనీలేరా బామ్మర్దీ, ఇంకోటి చూద్దాం అన్నాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

మార్చి 3, సోమవారం

ముగ్గురికీ ఒకే క్షణంలో ఎలా నచ్చకుండా పోయింది?

మార్చి 6, గురువారం, లంచ్ టైమ్

కారు డోర్‌కి సొట్ట తీస్తున్నా అదే ఆలోచన. నా డౌట్ మాస్టారు మీద. కీబోర్డ్ ఆయనది, స్కూల్లో మ్యూజిక్ టీచర్. గోడనిండా సర్టిఫికెట్లు. నేను నేర్చుకుంది పగిలిన ఫోన్‌లో, వీడియోలు స్లో చేసుకుని.

నిన్న స్కూల్ గేటు దగ్గర పట్టుకుని అడిగేశా. ఫంక్ అంటే పరుగు కాదు నాయనా, ఖాళీ వదలడం అన్నాడు. మరి ఇంతకుముందు మనం వాయించినవన్నీ పరుగులే కదండీ, అప్పుడీ ఖాళీ సెలవు పెట్టిందా అన్నా. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మురికేం లేదు దానిమీద.

ఈమధ్య నెగ్గినవన్నీ గుర్తు చేసుకున్నా. అన్నీ నిద్రపుచ్చేవే. ఫంక్ బ్యాండ్ అని పోస్టర్ వేసుకుని జోలపాటలు. నెలాఖరు హోటల్ షోలో జనం ఆడతారా, ఆవలిస్తారా?

నా పాట ఒక్కటి కూడా ఆ షోలో లేకపోతే బేస్ మూలన పడేస్తా. నా చెవి పనికొస్తుందో లేదో నాకు తేలాలి. పనికిరాకపోతే సొట్టలు తీసుకుంటూ బతికేస్తా, బాధేం లేదు.

ఉంది.

మేస్త్రీ వచ్చి, ఆ తలుపు నిన్నేమందిరా, అలా బాదుతున్నావ్ అన్నాడు.

మార్చి 9, ఆదివారం

ఉచ్చు వేశా. నాకే గిట్టని పాటొకటి సోమవారం రాత్రే బ్యాండ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టా. నత్తనడక. ప్రియురాలు వెళ్ళిపోతుంది, వానొస్తుంది, వాన కూడా వెళ్ళిపోతుంది, పాట మాత్రం వెళ్ళదు.

చివరిదాకా వాయించారు. ఒక్కరూ ఆపలేదు.

మా సింగర్ పగలు మందులషాపులో కౌంటర్ దగ్గరుంటుంది, మేడమ్ అంటాం. ఆవిడ చప్పట్లు కొట్టి, ఇదీ తమ్ముడూ నీ టేస్టంటే అంది. మాస్టారు తలూపాడు. బావైతే, నీ చెవి బంగారం రా అన్నాడు.

ఆ పాటకి నా చెవి బంగారమట.

కుమ్మక్కయ్యారు. ఇక అనుమానం లేదు. ఎందుకన్నదే తేలాలి.

మార్చి 12, బుధవారం, సాయంత్రం

షెడ్డు నుంచి వస్తుంటే మందులషాపు పక్కసందులో బావ. మేడమ్ బయటికొచ్చి ఓ కవర్ ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, బావ చెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర, రెండు చేతుల్తో. చాలాసేపు వదల్లేదు. బావ కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ఓహో. ఇదా సంగతి.

ఆవిడ గొంతుకి స్లో పాటలు నప్పుతాయి. అందుకని ఈయన నా పాటల గొంతు నులుముతాడు. మాస్టారు వాళ్ళకి వంత. నేనూ, మా అక్కా పిచ్చోళ్ళం.

మార్చి 13, గురువారం, రాత్రి

అక్కకి చెప్పేశా. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశా. కుట్టుమెషిన్ మీద ఉంది. వింటున్నంతసేపూ కుడుతూనే ఉంది. ఆఖర్న దారం కొరికి, అయిందా నీ సినిమా అంది. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

బావ కుడి మణికట్టు పాడైందట. ఉరుకుల పాట పడితే సగంలోకి వచ్చేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి కర్ర జారిపోతుందట. డాక్టర్ డ్రమ్స్ మానెయ్యమన్నాడట. ఆ కవర్లో ఉన్నవి జెల్, పట్టీ. ఎలా కట్టాలో చూపించమని మేడమ్‌ని అడిగింది అక్కేనట. మాస్టారికీ తెలుసట. బావ ఆగితే, అది చెయ్యి ఆగినట్టు కాకుండా పాట ఓడినట్టు కనపడాలని వెంటనే వాళ్ళూ ఆపేస్తారట.

నాకెందుకు చెప్పలేదే అని అరిచా. నీ నోటికి తాళమెక్కడుందిరా, స్టేజ్ మీదే అడిగేస్తావ్ అంది. సూదిలో దారం ఎక్కిస్తూ, అసలు చెప్పొద్దన్నది మీ బావే అంది. వాడు నా చేతులు చూసే బేస్ పట్టుకున్నాడు, ఈ చెయ్యి వాడికి చూపించలేను అన్నాడట.

సందులో చూసినదాని గురించి మేడమ్ దగ్గర నోరెత్తితే పళ్ళు రాలగొడతానంది అక్క.

మార్చి 16, ఆదివారం

ఇవాళ మాస్టారి పాట. ఓ మాదిరిగా ఉరుకుతుంది, బావకి పర్లేదనుకుని ఉంటాడు.

రూల్ తప్పా. కోరస్‌కి ముందు వెనక్కి తిరిగా.

గోడకి మొహం పెట్టింది నేనొక్కడినే. ఇన్నాళ్ళూ అంతేనేమో. మాస్టారు కీబోర్డ్ చూడటంలేదు, మేడమ్ మైక్ చూడటంలేదు, ఇద్దరి కళ్ళూ బావ చేతి మీదే. కర్ర ఇలా వణికిందో లేదో మాస్టారు చేతులు ఎత్తేశాడు. మేడమ్ మాట మధ్యలో నోరు మూసేసింది. సొంత పాటని మాస్టారే పడుకోబెట్టేశాడు.

బావ తలెత్తి నన్ను చూశాడు. నేను గబుక్కున పరుపుల వైపు తిరిగిపోయా. ఇంకోటి చూద్దాంలే అన్నాడు బావ, ఎవరితోనో తెలీదు. మా షెడ్డులో నాకొచ్చినన్ని తిట్లు ఎవడికీ రావు. నోట్లోకి ఒక్కటీ రాలేదు.

ఇంటికొచ్చాక అన్నీ వచ్చాయి. చెయ్యి పాడైంది, సరే. దాన్ని దాచడానికి నా చెవి పాడైందని ఎందుకు నమ్మించారు? పాట ఓడిన ప్రతిసారీ నాలోనే ఏదో తక్కువుందని వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పుకుని చచ్చా. వాళ్ళు అక్కడ జాలి పడుతున్నారు, జాలి ఖరీదు ఇక్కడ నాచేత కట్టించారు. ఇప్పుడెవరు మెచ్చుకున్నా నమ్మను. తిట్టినా నమ్మను. ఉరుకుల పాట మంచిదో చెత్తదో నాకు ఈరోజుకీ తెలీదు.

మార్చి 17, సోమవారం

గ్రూప్‌లో పెట్టేది. తిట్లు తీసేద్దామని ముందిక్కడ రాస్తున్నా.

ఉరుకుల పాట మళ్ళీ వాయించాలి. డ్రమ్స్ లేకుండా. బావ మధ్యలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినాలి. ఎవరూ గోడకి తిరగొద్దు. అయ్యాక బావ ఒక్కడే చెప్పాలి: బాగుందా, చెత్తా. జాలి పడితే నాకు తెలిసిపోతుంది.

ఊఁ అంటారో ఉహూఁ అంటారో శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా చెప్పండి. ఆరు దాటితే బేసూ, ఆంప్లిఫయరూ మోసుకొచ్చి మీ గుమ్మం ముందే వాయిస్తా బావా. వీధంతా వింటుంది. నువ్వు తలుపేసుకున్నా వింటావు.